టాటాకు పాఠం నేర్పిన పాత మిల్లు

ప్రతి నిర్ణయానికీ ముందు అన్ని లెక్కలూ వేసి చూసే వ్యవధి వ్యాపారికి ఉండదు. గడచిన అనుభవాల నుంచి కొన్ని కొండగుర్తులు పెట్టుకుని వాటి వెంటే నడుస్తాడు. అవి ఎంత మేలు చేస్తాయో, ఎప్పుడు ముంచుతాయో తెలుసుకోవడానికి జంషెడ్‌జీ నసర్వాన్‌జీ టాటా జీవితం చక్కని ఉదాహరణ.

జంషెడ్‌జీ 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవ్‌సారిలో, పార్సీ పురోహితుల వంశంలో జన్మించారు. బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి తండ్రి వ్యాపారంలో చేరారు. 1868లో 21 వేల రూపాయల మూలధనంతో సొంత సంస్థను స్థాపించారు. మరుసటి ఏడాది చించ్‌పోక్లీలో దివాలా తీసిన నూనె మిల్లును కొని, నూలు మిల్లుగా మార్చి, రెండేళ్లకు లాభానికి అమ్మారు. చితికిన మిల్లును చవకగా కొని నిలబెట్టవచ్చన్న నమ్మకం ఆయనకు అప్పుడే కలిగింది.

తర్వాతి మిల్లును అందరిలా బొంబాయిలో పెట్టలేదు. పత్తి పండే నేల, బొగ్గు, రైలు మార్గం, సరుకు కొనే జనం దగ్గరగా ఉన్న నాగపూర్‌ను ఎంచుకున్నారు. చిత్తడి నేలలో బంగారం పోస్తున్నారని భావించి స్థానిక షావుకారు ఒకరు పెట్టుబడికి నిరాకరించారు. 1877 జనవరి 1న ప్రారంభమైన ఎంప్రెస్ మిల్లు లాభాల బాట పట్టాక, ఆ షావుకారే తన పొరపాటును ఒప్పుకున్నారు. లాంకషైర్ మిల్లులు పాత పద్ధతినే పట్టుకుని వేలాడుతున్న రోజుల్లో, జంషెడ్‌జీ కొత్తగా వచ్చిన రింగు కదుళ్ల యంత్రాలను రెండింటిని తెప్పించి పరీక్షించారు. ఫలితం చూశాకే మిల్లంతటా వాటిని ప్రవేశపెట్టారు.

అంతటి జాగ్రత్తపరుడూ 1886లో తడబడ్డారు. కుర్లాలో నష్టాల్లో కూరుకుపోయిన ధరంసీ మిల్లు చవకగా వస్తున్నదని కొని, స్వదేశీ మిల్లుగా పేరు మార్చారు. చించ్‌పోక్లీలో ఫలించిన సూత్రమే ఇక్కడా ఫలిస్తుందని ఆశించారు. కానీ యంత్రాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. వాటాల విలువ పడిపోయింది. అప్పు పుట్టడం కష్టమైంది. పరువు పణంగా ఉన్న ఆ సమయంలో సొంత ఆస్తిని ఒడ్డి, నాగపూర్ నుంచి అనుభవజ్ఞులను రప్పించి, యంత్రాలను మార్చి, ఏళ్ల శ్రమతో మిల్లును గట్టెక్కించారు. చవక ధర కంటికి కనిపించినంత సులువుగా యంత్రాల అరుగుదల కనిపించదన్న సంగతి ఆయనకు ఈ మిల్లు నేర్పింది.

ఉక్కు విషయంలో ఆయన వేసిన అడుగులు వేరు. 1882లో చాందా ప్రాంతపు ఇనుప ఖనిజంపై ఒక జర్మన్ నిపుణుడు రాసిన నివేదిక ఆయనలో ఆశ రేపింది. ముడిసరుకు, ఇంధనం చేరువలో ఉండాలన్న నాగపూర్ సూత్రాన్ని ఆయన విడిచిపెట్టలేదు. అయితే దాన్నే నమ్ముకుని పెట్టుబడి పెట్టనూ లేదు. 1902లో అమెరికా వెళ్లి ఉక్కు కర్మాగారాలను చూసి, ఇంజినీరు చార్లెస్ పేజ్ పెరిన్‌ను సలహాదారుగా కుదుర్చుకున్నారు. అన్వేషణ ముగియకముందే, 1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో కన్నుమూశారు. ఇనుము, బొగ్గు, నీరు అన్నీ బేరీజు వేశాక, ఆయన వారసులు సాక్చిని ఎంపిక చేశారు. అక్కడ 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. అదే నేటి జంషెడ్‌పూర్.

అనుభవం ఇచ్చిన కొండగుర్తులను జంషెడ్‌జీ చివరివరకూ వదులుకోలేదు. అవి పుట్టిన పరిస్థితులు కొత్త చోటా ఉన్నాయో లేదో పరీక్షించడం మాత్రం, కుర్లా మిల్లులో నష్టపోయి నేర్చుకున్నారు.