ఓటర్లే వద్దన్న స్కూల్ పన్ను.. పట్టుబట్టి నిలబెట్టిన లాయర్! ఎవరీ థాడియస్ స్టీవెన్స్?

నాకు పిల్లలే లేరు, నేనెందుకు స్కూల్ పన్ను కట్టాలి? మా పిల్లల్ని మా డబ్బుతో చదివించుకుంటున్నాం, పక్కింటోళ్ల పిల్లల చదువు ఖర్చు మా ఆస్తి పన్నులోంచి ఎందుకు పోవాలి? ఇవి ఇవాళ కొత్తగా పుట్టిన ప్రశ్నలు కావు. సుమారు 190 ఏళ్ల కిందట అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టసభను కుదిపేసింది ఇవే ప్రశ్నలు. బడి పన్ను రద్దు చేయాలంటూ వేలమంది సంతకాలు పెట్టారు. ఎగువ సభ రద్దుకు ఓకే కూడా చెప్పేసింది. ఇక దిగువ సభలో ఓటింగ్ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు ఓ కుంటికాలి లాయర్ లేచి నిలబడ్డారు. ఆయనే థాడియస్ స్టీవెన్స్.

స్పీల్‌బర్గ్ తీసిన లింకన్ సినిమా చూసినవాళ్లకు ఈయన గుర్తుండే ఉంటారు. 2012లో వచ్చిన ఆ సినిమాలో విగ్గు పెట్టుకుని, చేతికర్రతో నడుస్తూ, సభలో ప్రత్యర్థులను మాటలతో ఉతికి ఆరేసే పెద్దాయన పాత్ర ఒకటి ఉంటుంది. టామీ లీ జోన్స్ చేసిన ఆ పాత్ర స్టీవెన్స్‌దే. బానిసత్వ రద్దు కోసం ఆయన చేసిన పోరాటం ఆ సినిమాతో చాలామందికి తెలిసింది. కానీ అంతకు 30 ఏళ్ల ముందే ఆయన గెలిచిన మరో పోరాటం ఉంది. అదే బడి పన్ను పోరాటం.

అమ్మ కష్టం.. కొడుకు చదువు

1792 ఏప్రిల్ 4న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్ అనే చిన్న ఊళ్లో స్టీవెన్స్ పుట్టారు. పుట్టుకతోనే పాదం వంకర. జీవితాంతం కుంటుతూనే నడిచారు. నలుగురు అన్నదమ్ముల్లో ఈయన రెండోవాడు. తండ్రి జాషువా కుటుంబాన్ని గాలికొదిలేసి వెళ్లిపోయాడు. పిల్లల భారమంతా తల్లి శారా మీద పడింది.

కాలు బాగోలేని ఈ కొడుకు పొలం పని చేయలేడు, చదువే దిక్కు అని ఆ తల్లికి అర్థమైంది. అందుకే మంచి బడి ఉన్న పీచమ్ అనే ఊరికి కుటుంబాన్ని మార్చేసింది. రెక్కలు ముక్కలు చేసుకుని చదివించింది. అలా చదివి స్టీవెన్స్ 1814లో డార్ట్‌మత్ కాలేజీలో డిగ్రీ అందుకున్నారు. తన జీవితంలో ఏది సాధించినా అది అమ్మ పుణ్యమేనని ఆయన చివరిదాకా నమ్మారు.

డిగ్రీ తర్వాత బతుకుదెరువు కోసం పెన్సిల్వేనియా వచ్చారు. యార్క్ అనే ఊళ్లో పంతులుగా పని చేస్తూనే లా చదివారు. 1816లో గెట్టిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టారు. కొన్నేళ్లలోనే పేరు, డబ్బు రెండూ వచ్చాయి. 1830 నాటికి ఆ ఊళ్లో భూములు, ఇళ్లు ఎక్కువున్న ఆసామి ఈయనే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆస్తి పన్ను పెరిగితే ముందు జేబుకు చిల్లు పడేది ఇలాంటివాళ్లకే. పైగా ఆయన పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు.

అలాగని ఆయన మచ్చలేని మనిషేం కాదు. పేకాట పిచ్చి ఉండేది. 1821లో ఓ కేసులో బానిస యజమాని తరఫున వాదించి గెలిచారు. దాంతో స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన చారిటీ బట్లర్ అనే నల్లజాతి మహిళ, ఆమె పిల్లలు మళ్లీ బానిసత్వంలోకే వెళ్లాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో పారిపోయి వచ్చిన బానిసల తరఫున ఆయన ఎన్నో కేసులు వాదించారు. కానీ ఆ మచ్చ మాత్రం ఆయన చరిత్రలో అలాగే ఉండిపోయింది.

పేదవాడినని రాసిస్తేనే చదువు!

1833లో స్టీవెన్స్ యాంటీ మేసోనిక్ పార్టీ తరఫున రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. అప్పటికి పెన్సిల్వేనియాలో బడుల పరిస్థితి ఏంటంటే.. డబ్బున్నవాళ్లు ఫీజు కట్టి చదివించుకునేవాళ్లు. చర్చిలు నడిపే బడులు కొన్ని ఉండేవి. మరి పేదోళ్ల సంగతి? వాళ్ల కోసం 1809 నాటి చట్టం ఒకటి ఉంది. పిల్లల ఫీజు కట్టే స్తోమత మాకు లేదని తల్లిదండ్రులు పన్ను అధికారి ముందు చెప్పుకోవాలి. వాళ్ల పేర్లు నిరుపేదల లిస్టులోకి ఎక్కుతాయి. అప్పుడు కౌంటీ ఖజానా నుంచి పంతులుకు డబ్బు ఇస్తారు.

వినడానికి మంచి పథకమే. కానీ ఊరందరి ముందు నిరుపేద ముద్ర వేయించుకోవడానికి ఎవరు ఇష్టపడతారు? బడిలో పక్కన కూర్చున్న పిల్లలు వీడు ధర్మం మీద చదువుతున్నాడని వేలెత్తి చూపిస్తే ఆ పసి మనసు ఏమవుతుంది? చాలామంది తల్లిదండ్రులు పరువు పోగొట్టుకోవడం కంటే పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవడమే మేలనుకున్నారు.

దీన్ని మార్చాలని గవర్నర్ జార్జ్ వుల్ఫ్ పట్టుబట్టారు. 1834 ఏప్రిల్ 1న కొత్త చట్టంపై సంతకం చేశారు. రాష్ట్రాన్ని స్కూల్ డిస్ట్రిక్టులుగా విడగొట్టారు. ఒక్కో డిస్ట్రిక్టు అంటే మన దగ్గర మండలం కంటే చిన్న ప్రాంతం. చట్టానికి ఒప్పుకున్న డిస్ట్రిక్టు తన పరిధిలోని ఆస్తులపై బడి పన్ను వేయాలి. అప్పుడే రాష్ట్రం ఇచ్చే 75 వేల డాలర్ల నిధిలో దానికి వాటా వస్తుంది. ధనిక, పేద తేడా లేకుండా పిల్లలందరికీ ఒకే బడి. ఏ లిస్టులూ ఉండవు. ఈ బిల్లు దాదాపు ఏకగ్రీవంగా పాసైంది. అంతా సాఫీగా సాగిపోతుందని అనుకున్నారు.

బిల్లు చేతికొచ్చాక భగ్గుమన్న జనం

అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది. చట్టం కాగితం మీద ఉన్నంతసేపు అందరికీ నచ్చింది. పన్ను కట్టాల్సి వచ్చేసరికి చాలా ఊళ్లు ఎదురు తిరిగాయి. అలా ఎదురు తిరిగిన వాళ్లంతా చదువుకు శత్రువులేం కాదు. వాళ్ల బాధలు వాళ్లకున్నాయి.

రైతుల చేతిలో భూమి ఉంది, నగదు లేదు. పంట పండినా ఎండినా ఆస్తి పన్ను మాత్రం తప్పదు. జర్మన్ మాట్లాడే కుటుంబాలు అప్పటికే సొంత డబ్బుతో చర్చి బడులు నడుపుకుంటున్నాయి. వాళ్లకు ఇది రెండుసార్లు కట్టడమే. పైగా ప్రభుత్వ బడి వస్తే తమ భాష, తమ పద్ధతులు పోతాయన్న భయం. కాలువల తవ్వకాలతో రాష్ట్రం ఇప్పటికే అప్పుల్లో ఉందని కొందరు లెక్కలు తీశారు. మాకు పిల్లలే లేరని ఇంకొందరు అడ్డం తిరిగారు.

1835 వచ్చేసరికి చట్టసభకు రద్దు పిటిషన్లు వెల్లువెత్తాయి. చట్టం ఉండాలని కోరుతూ వచ్చిన సంతకాలు వాటి ముందు దిగదుడుపే. ఏడాది కిందట ఇదే బిల్లుకు జై కొట్టిన సెనేట్ ఇప్పుడు ప్లేటు ఫిరాయించింది. ఉచిత బడిని తీసేసి, పాత పేదల లిస్టు పద్ధతినే మళ్లీ తేవాలని ఓటేసింది. ఇక బంతి ప్రతినిధుల సభ కోర్టులో పడింది.

స్టీవెన్స్ సొంత ఆడమ్స్ కౌంటీలోనూ జనం మూడ్ ఇదే. రద్దుకు ఓటేస్తే ఆయనకు పోయేదేమీ లేదు. పైగా పన్ను మిగులుతుంది, సీటూ పదిలం. ఇంకో తిరకాసు కూడా ఉంది. గవర్నర్ వుల్ఫ్ ప్రత్యర్థి పార్టీ మనిషి. ఆయన పేరు మీదున్న చట్టం కుప్పకూలితే స్టీవెన్స్ పార్టీకే లాభం.

1835 ఏప్రిల్ 11.. సభలో ఏం జరిగింది?

రాజధాని హారిస్‌బర్గ్‌లో ఆ రోజు సభ కిక్కిరిసిపోయింది. స్టీవెన్స్ మొదట పన్ను లెక్కే ఎత్తుకున్నారు. నాకు ఉపయోగం లేని దానికి నేనెందుకు కట్టాలన్న వాదనను జైళ్లతో, కోర్టులతో పోల్చి తిప్పికొట్టారు. జీవితంలో ఒక్కసారి కూడా జైలు గడప తొక్కని మనిషి జైలు కట్టడానికి పన్ను కడుతున్నాడు. కోర్టుకెక్కని మనిషి కోర్టుల ఖర్చు భరిస్తున్నాడు. దానికి లేని అభ్యంతరం బడికే ఎందుకు? నేరం జరిగాక శిక్షించే ఖర్చుకు సై అంటూ, నేరం వైపు పోకుండా పెంచే ఖర్చుకు నై అంటే ఎలా? ఇదీ ఆయన వాదన సారాంశం.

ఆ తర్వాత పేదల లిస్టు మీద పడ్డారు. రద్దు బిల్లు అసలు పని పిల్లల్ని ధనికులు, పేదలు అని విడదీసి ముద్ర వేయడమేనని తేల్చి చెప్పారు. తెలివితేటలు ఆస్తిని చూసి పుట్టవని, గుడిసెలో పుట్టిన ప్రతిభను ఫీజు లేదని తొక్కేస్తే నష్టపోయేది రాష్ట్రమేనని వాదించారు. ఓటేసి పాలకులను ఎన్నుకునే దేశంలో ఓటరుకు చదువు లేకపోతే ప్రజాస్వామ్యం ఎన్నాళ్లు నిలుస్తుందని నిలదీశారు. చిన్నప్పుడు తాను చూసిన న్యూ ఇంగ్లండ్ బడులను ఉదాహరణగా చూపించారు.

చివర్లో తోటి సభ్యులకు గట్టిగానే తగిలించారు. జనం తప్పు దారిలో ఉంటే వాళ్ల వెనక నడవడం కాదు, దారి చూపించడం నాయకుడి పని అన్నారు. అంతటితో ఆగలేదు. రాజకీయంగా తాను బద్ధవ్యతిరేకి అయినా ఈ ఒక్క విషయంలో గవర్నర్ వుల్ఫ్ వెంటే నడుస్తానని సభలోనే చెప్పేశారు.

ఫలితం? సభ రద్దును తిప్పికొట్టింది. ఆ బిల్లు స్థానంలో చట్టాన్ని మరింత బలపరిచే బిల్లును పెట్టి పాస్ చేసింది. సెనేట్ కూడా చివరికి దిగొచ్చింది. ఉచిత బడి బతికిపోయింది. ఆ ప్రసంగాన్ని ఊరూరా అచ్చు వేసి పంచారు. ఓ కాపీని పట్టు గుడ్డపై ముద్రించి ఆయనకు కానుకగా ఇచ్చారు.

మూల్యం చెల్లించింది ఎవరు?

ఈ కథలో దెబ్బ తిన్నది గవర్నర్ వుల్ఫ్. అదే ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. సొంత పార్టీ రెండుగా చీలడం ఒక కారణమైతే, బడి పన్ను మీద జనంలో ఉన్న కోపం మరో కారణం. గెలిచింది స్టీవెన్స్ పార్టీకి చెందిన జోసెఫ్ రిట్నర్. కానీ రిట్నర్ కూడా బడి చట్టాన్ని ముట్టుకోలేదు, ఇంకా పటిష్ఠం చేశారు. అప్పటికీ ఒప్పుకోని డిస్ట్రిక్టులు చాలానే ఉన్నాయి. అవన్నీ దారికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

బడి నుంచి రాజ్యాంగం దాకా

పిల్లల్ని రెండు లిస్టులుగా విడగొట్టొద్దన్న మనిషి మనుషుల్నీ అలా విడగొట్టడానికి ఒప్పుకోలేదు. 1838లో పెన్సిల్వేనియా కొత్త రాజ్యాంగం తెల్లవాళ్లకే ఓటు హక్కు అని రాస్తే, దానిపై సంతకం పెట్టనని తెగేసి చెప్పారు. 1842లో లాంకాస్టర్‌కు మకాం మార్చారు. తర్వాత అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లారు. అంతర్యుద్ధం రోజుల్లో ప్రభుత్వ ఆదాయ వ్యయాలు చూసే కీలక కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1863లో దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలోకి చొరబడి ఆయన ఇనుప కార్ఖానాను తగలబెట్టింది. అయినా వెనక్కి తగ్గలేదు.

బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణ.. రెండింటి వెనకా ఆయన కృషి ఉంది. మన రాజ్యాంగంలోని ఆర్టికల్ 14లో ఉన్న సమాన రక్షణ అనే మాటకు మూలం ఆ 14వ సవరణే.

1868 ఆగస్టు 11 రాత్రి వాషింగ్టన్‌లో ఆయన కన్నుమూశారు. లాంకాస్టర్‌లో పేరున్న శ్మశానాలు నల్లవాళ్లను రానిచ్చేవి కావు. అందుకే జాతి భేదం లేకుండా అందరినీ రానిచ్చే ఓ చిన్న శ్మశానాన్ని ఆయన ముందే ఎంచుకున్నారు. అక్కడే ఆయన సమాధి ఉంది. అనాథ పిల్లల కోసం వీలునామాలో డబ్బు రాసిపెట్టారు. రంగు, జాతి చూడకూడదని అందులోనే షరతు పెట్టారు. ఆ డబ్బుతోనే 1905లో లాంకాస్టర్‌లో ఓ వృత్తి విద్యా సంస్థ మొదలైంది. ఆయన పేరుతో ఇప్పటికీ కాలేజీగా నడుస్తోంది.

ఇంతకీ ఆ పన్ను గొడవ తీరిందా?

ఆస్తి పన్ను మీద నడిచే బడికి ఓ చిక్కుంది. ఖరీదైన ఇళ్లున్న చోట పన్ను ఎక్కువ, బడి బాగుంటుంది. పేట చిన్నదైతే నిధులూ చిన్నవే. ఇదే విషయంపై పెన్సిల్వేనియాలోని కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు, తల్లిదండ్రులు 2014లో కోర్టుకెక్కారు. 2023 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర కామన్వెల్త్ కోర్టు తీర్పు ఇచ్చింది. బడులకు నిధులిచ్చే ప్రస్తుత పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తేల్చేసింది. అంటే నిరుపేదల లిస్టు ఏనాడో చిరిగిపోయినా, పేద పేట బడి, ధనిక పేట బడి అన్న తేడా మిగిలే ఉంది. దాన్ని చెరిపే బాధ్యత ఇప్పుడు మళ్లీ హారిస్‌బర్గ్ చట్టసభ మీదే పడింది. 1835లో స్టీవెన్స్ లేచి నిలబడింది కూడా ఆ ఊళ్లోనే.