విలియం లారెన్స్ బ్రాగ్

విలియం లారెన్స్ బ్రాగ్ (మార్చి 31, 1890 - జూలై 1, 1971) స్ఫటికాలలో పరమాణువుల అమరికను ఎక్స్ కిరణాలతో తెలుసుకొనే మార్గం చూపిన భౌతిక శాస్త్రవేత్త. 1915లో తండ్రి విలియం హెన్రీ బ్రాగ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. అప్పటికి ఇతని వయసు 25 ఏళ్ళు. రాళ్ళలోను, మట్టిలోను ఉండే సిలికేట్ల నిర్మాణాన్ని వెలికితీయడం ఇతని మరొక గొప్ప కృషి. పాఠ్యపుస్తకాలలో దీనికి తగినంత చోటు దక్కలేదనే చెప్పాలి.

జీవితం

బ్రాగ్ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జన్మించాడు. చిన్నతనంలో మూడుచక్రాల సైకిలు మీదినుండి పడి మోచేయి విరిగినప్పుడు, అప్పుడే కొత్తగా కనుగొన్న ఎక్స్ కిరణాలతో తండ్రి దానిని ఫొటో తీశాడు. 1909లో కుటుంబం ఇంగ్లండుకు తరలివెళ్ళింది. 1912లో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా ఉండగానే తన పేరిట ప్రసిద్ధమైన నియమాన్ని ప్రతిపాదించాడు. అయితే ఆ ఘనత తండ్రిదేనని చాలామంది భావించడం ఇతనిని బాధించింది. నోబెల్ వచ్చిన సంవత్సరంలోనే తమ్ముడు రాబర్ట్ గల్లిపోలి యుద్ధంలో గాయపడి మరణించాడు.

సిలికేట్ల పరిశోధన

1919 నుండి 1937 వరకు బ్రాగ్ మాంచెస్టర్‌లో ఆచార్యుడు. సిలికేట్లు నీటిలో కరగవు. వాటిని విడగొడితే నిర్మాణమే నశిస్తుంది. అందువలన రసాయన శాస్త్రజ్ఞులు రకరకాల సిలిసిక్ ఆమ్లాలను ఊహించుకొని, ఈ ఖనిజాలు వాటి లవణాలని సరిపెట్టుకొనేవారు. ఉప్పు స్ఫటికంలో విడి అణువులే లేవన్న బ్రాగ్ మాటనే 1927లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఘాటుగా విమర్శించాడు.

బ్రాగ్ బృందం 1926 నుండి ఆలివిన్, బెరిల్, డయోప్సైడ్ మొదలైన ఖనిజాలను పరిశీలించింది. అన్నింటిలోను ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చతుర్ముఖి ఆకారంలో ఉన్నాయి. ఈ చతుర్ముఖులు మూలల వద్ద ఆక్సిజన్లను పంచుకొనే తీరును బట్టే ఖనిజం స్వభావం మారుతుంది. ఆలివిన్‌లో అవి విడివిడిగా, బెరిల్‌లో వలయాలుగా, డయోప్సైడ్‌లో గొలుసులుగా ఉంటాయి. అభ్రకంలో పలకలుగా ఉంటాయి. దాని నిర్మాణాన్ని 1930లో లైనస్ పాలింగ్ ప్రకటించాడు. మన గూడూరు అభ్రకం పొరలుగా ఊడిరావడానికి కారణమిదే.

అన్నిటికన్నా చిక్కు సమస్య అల్యూమినియంది. పొటాషియం ఫెల్‌స్పార్‌లో మూడు సిలికాన్లకు ఎనిమిది ఆక్సిజన్లు ఉంటాయి. ఈ లెక్క ఏ ఆమ్లానికీ సులభంగా పొసగదు. అందులోని ఒక అల్యూమినియం కూడా సిలికాన్ స్థానంలోనే కూర్చున్నదని గ్రహిస్తే నాలుగుకు ఎనిమిది, అంటే క్వార్ట్జ్‌లోని నిష్పత్తే వస్తుంది. సిలికాన్ కంటే అల్యూమినియంకు ఒక ధనావేశం తక్కువ కనుక ఆ లోటును పొటాషియం పూరిస్తుంది. బ్రాగ్ సహచరుడు టేలర్ 1930లో అనాల్సైమ్ నిర్మాణాన్ని, 1933లో ఫెల్‌స్పార్ నిర్మాణాన్ని నిర్ధారించాడు. అనాల్సైమ్ ఒక జియోలైట్. వేడిచేస్తే జియోలైట్ల లోని నీరు పోయినా వాటి చట్రం కూలదు.

తరువాతి కాలం

1938లో కేవెండిష్ ఆచార్యుడయ్యాడు. 1953లో డి.ఎన్.ఎ. నిర్మాణం వెలువడినపుడు ఆ ప్రయోగశాలకు అధిపతి ఇతడే. 1954 నుండి 1966 వరకు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేస్తూ, బడిపిల్లల కోసం ప్రయోగాలతో కూడిన ఉపన్యాసాలు ఏర్పాటు చేశాడు.