బాంటింగ్, ఆయన కుక్కలు, ఒక గ్లూకోజ్ సూది

మధుమేహం ఉన్న మీ పెంపుడు కుక్కకు పొద్దున ఇన్సులిన్ వేశారనుకోండి. అది తిండి ముట్టలేదు. కాసేపటికి కాళ్లు తడబడి, వణికి, ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుంటుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు ముందుకాలి రక్తనాళంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తారు. షుగర్ జబ్బుకు చక్కెర ఎక్కించడమేమిటని మీకు అనుమానం రావచ్చు. జవాబు కోసం నూరేళ్ల కిందటి కెనడా వైద్యుడు ఫ్రెడరిక్ బాంటింగ్ దగ్గరికి వెళ్లాలి.

ఆయన 1891 నవంబరు 14న ఆంటారియోలోని ఆలిస్టన్ దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. ప్రపంచ మధుమేహ దినం జరుపుకొనేది ఆ తేదీనే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేస్తూ 1918లో గాయపడ్డారు. తిరిగొచ్చి, కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెడితే రోగులు సరిగా రాలేదు. ఖర్చుల కోసం వైద్య కళాశాలలో పాఠాలు చెప్పేవారు. అలా ఒక పాఠానికి సిద్ధమవుతూ, 1920 అక్టోబరు 31న అర్ధరాత్రి దాటాక, చక్కెరను అదుపుచేసే పదార్థాన్ని క్లోమం నుంచి తీసే ఉపాయం తట్టి రాసుకున్నారు.

1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లియాడ్ ప్రయోగశాల ఇచ్చారు. తోడు చార్లెస్ బెస్ట్ అనే కుర్రాడు. కుక్కల క్లోమం తీసేసి మధుమేహం తెప్పించడం, మరో కుక్క క్లోమం సారాన్ని వాటికి సూదితో ఇవ్వడం వాళ్ల పని. చాలా కుక్కలు చనిపోయాయి. ఇంట్లో కుక్కను పెంచేవాళ్లకు ఇది చదవడం కష్టమే, కానీ దాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పలేం. 92వ నంబరు కుక్క బాంటింగ్‌కు బాగా మాలిమి అయింది. ఆగస్టు చివర్లో అది పోతే ఆయన ఏడ్చారు. మార్జరీ అనే ఇంకో కుక్క మాత్రం క్లోమం లేకుండానే సుమారు 70 రోజులు బతికింది.

డిసెంబరులో జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త చేరారు. సారాన్ని శుద్ధిచేస్తూ ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లపై పరీక్షించారు. మోతాదు ఎక్కువైతే చక్కెర పడిపోయి కుందేలు కొట్టుకుని స్పృహ తప్పేది. గ్లూకోజ్ సూది వేస్తే కోలుకుని లేచేది. ఇన్సులిన్ ఎక్కువైతే విరుగుడు గ్లూకోజేనని అలా తెలిసింది. 1922 జనవరి 11న 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు వేసిన తొలి సూది సరిగా పనిచేయలేదు. 23న శుద్ధిచేసిన మందు ఇచ్చాక చక్కెర దిగింది.

నేటి పశువైద్యులదీ అదే దారి. ముందు రక్తపు చుక్కతో చక్కెర చూస్తారు. కుక్కలో అది 60 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ప్రమాదం. చిక్కటి గ్లూకోజ్‌ను పలుచన చేసి నెమ్మదిగా ఇస్తారు, అలాగే ఎక్కిస్తే రక్తనాళం దెబ్బతింటుంది. ఆ తర్వాత పలుచని గ్లూకోజ్‌ను డ్రిప్‌గా పెట్టి చక్కెర మళ్లీ మళ్లీ చూస్తారు. నీరసంగా ఉందని గ్లూకోజ్ ఎక్కించమని మీరే అడగకండి. అది టానిక్ కాదు, చక్కెర ఎక్కువై పడిపోయిన జంతువుకు కీడే చేస్తుంది. దారిలో చేయగలిగింది చిగుళ్లకు తేనెగానీ చక్కెర పాకంగానీ రాయడం. స్పృహలో లేనప్పుడు నోట్లో ఏమీ పోయకండి. సిరంజి కూడా చూసుకోండి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజితో తీస్తే రెండున్నర రెట్ల మందు పడుతుంది.

మళ్లీ బాంటింగ్ సంగతి. ఆయనా సహచరులూ ఇన్సులిన్ పేటెంటును తలా ఒక డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1923లో నోబెల్ బహుమతి మెక్లియాడ్‌తో కలిపి వచ్చింది. బెస్ట్‌ను వదిలేశారని కోపం తెచ్చుకుని తన వాటా సొమ్ములో సగం అతనికిచ్చారు. 1941 ఫిబ్రవరిలో యుద్ధకాలపు పనిమీద ఇంగ్లండు వెళ్తుండగా న్యూఫౌండ్‌లాండ్‌లో విమానం కూలి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 49.