నొప్పిలోని మేలు

మనిషి దేహంలో 206 ఎముకలుంటాయి. మణికట్టుతో కలిపి ఒక్కో చేతిలోనే 27. వాటిని కదిలించే కీళ్లు, అన్నింటినీ కప్పి కాపాడే చర్మం... దేవుని చేతిపని ఎంత అద్భుతమో! అయితే ఈ ఎముకలకూ కీళ్లకూ చర్మానికీ రాత్రింబవళ్లు కాపలా కాసేది మనమంతా వద్దనుకునే నొప్పేనని లోకానికి చాటిన దైవజనుడు డాక్టర్ పాల్ బ్రాండ్.

ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించాడు. తొమ్మిదేళ్లకే చదువు కోసం ఇంగ్లాండుకు వెళ్లాడు. 1929లో తండ్రి ఈ కొండల్లోనే జ్వరంతో ప్రభువు సన్నిధికి చేరాడు. పాల్ ముందు ఐదేళ్లు వడ్రంగం, తాపీ పని నేర్చుకున్నాడు. ఆ తర్వాతే లండన్‌లో వైద్యం చదివి శస్త్రవైద్యుడై, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు.

చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిని చూడబోయినప్పుడు అక్కడి రోగుల వంకర తిరిగిన వేళ్లు, పుండ్లు పడిన పాదాలు ఆయన్ను కలచివేశాయి. ఎముకల వైద్యులు ఈ చేతుల్ని ఎందుకు పట్టించుకోలేదన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. కుష్ఠు సోకితే మాంసం కుళ్లి వేళ్లు రాలిపోతాయని ఆనాడు చాలామంది నమ్మేవారు. అది నిజమో కాదో తేల్చుకోవాలని ఆయన రోగుల చేతుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించాడు.

ఒకరోజు తుప్పు పట్టిన తాళం ఆయన ఎంత తిప్పినా రాలేదు. బక్కపలచని ఒక కుర్రవాడు వచ్చి ఇట్టే తిప్పేశాడు. తీరా చూస్తే వాడి వేలినుంచి రక్తం కారుతోంది. చర్మం చీలి లోపలి ఎముక బయటపడింది. వాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు! అసలు సంగతి డాక్టరుగారికి అర్థమైంది. వ్యాధి నరాలను చంపుతోంది. స్పర్శ పోయిన చెయ్యి తనకు తెలియకుండానే కాలుతోంది, కోసుకుపోతోంది. గాయం మీద గాయమై, చీము పట్టి ఎముక అరిగి, వేలు పొట్టిదైపోతోంది.

ముడుచుకుపోయిన వేళ్లకు ఆయన కొత్త శస్త్రచికిత్స చేశాడు. బలం చెడని కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడును, దారి మళ్లించి వేళ్లకు కలిపాడు. ఏళ్ల తరబడి తెరుచుకోని పిడికిళ్లు తెరుచుకున్నాయి. బాగైనవారికి పని ఇచ్చేవారు లేకపోతే, తాను నేర్చిన వడ్రంగాన్నే వారికి నేర్పించాడు. దేవుడు ఆ ఐదేళ్లను వృథా పోనివ్వలేదు!

ఒకసారి ప్రయాణం ముగించి ఇంగ్లాండు చేరిన రాత్రి, తన మడమకు స్పర్శ లేదని ఆయన గమనించాడు. సూదితో పొడిచినా నొప్పి లేదు. తనకూ కుష్ఠు సోకిందనుకుని రాత్రంతా నిద్రలేక వేదనపడ్డాడు. తెల్లారాక మళ్లీ పొడిస్తే చురుక్కుమంది. ఆ నొప్పికి ఆయన దేవునికి కృతజ్ఞతలు చెల్లించాడు. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి అక్కడా అదే సేవ కొనసాగించి, 2003లో ప్రభువునందు నిద్రించాడు.

నొప్పి వస్తే దేవుడు మనల్ని మరిచాడంటాం. కాని నొప్పి తెలియని అవయవమే ముందుగా నశిస్తుందని ఈ వైద్యుని జీవితం మనకు నేర్పుతోంది. సంఘం క్రీస్తు శరీరమని పౌలు భక్తుడు బోధించాడు. ఒక అవయవం బాధపడితే తక్కినవన్నీ బాధపడాలి. పక్క బల్లపై కూర్చున్న సహోదరుని కన్నీరు మనకు తెలియడం లేదంటే, మన దేహంలో ఏదో నరం చచ్చిందన్నమాటే. కుష్ఠురోగిని ముట్టి స్వస్థపరచిన ప్రభువు మన స్పర్శను తిరిగి ఇచ్చుగాక!