కాలానికి ముందే వచ్చిన బ్రేకు

సాయంత్రం బడి విడిచే వేళ గేటు దగ్గర నిలబడి చూడండి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మోటారు సైకిళ్లలో చాలావాటి ముందు చక్రం పక్కన చిల్లులున్న ఉక్కు పళ్ళెం ఒకటి మెరుస్తుంటుంది. హోసూరు వైపు బళ్లలో అయితే వాహన కర్మాగారాల్లో పనిచేసే తల్లిదండ్రులు ఎక్కువ. అది డిస్క్ బ్రేకు అని అక్కడ మూడో తరగతి పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. దాన్ని ఎవరు కనిపెట్టారని అదే పిల్లవాడు అడిగితే మాత్రం పెద్దలం తడుముకుంటాం. మోటారు కారుకు ఈ రకం బ్రేకును 1902లోనే పేటెంటు చేసిన ఇంజనీరు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్. ఆయన జీవితం మన పిల్లలకూ, వారి చదువు గురించి బెంగపడే మనకూ తెలియాల్సినది.

చదువు సాగింది, పట్టా రాలేదు

లాంచెస్టర్ 1868 అక్టోబరు 23న లండన్‌లోని లూయిషమ్‌లో పుట్టారు. తండ్రి భవనాల రూపశిల్పి. తల్లి లాటిన్, గణితం నేర్పిన విద్యావంతురాలు. అన్న హెన్రీ తండ్రి వృత్తినే చేపట్టారు. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ ప్యాలెస్‌కు నమూనా గీసింది ఆయనే. తమ్ముడి మనసు మాత్రం యంత్రాల మీద పడింది.

ఆయన సౌతాంప్టన్‌లో కొంతకాలం చదివి, ఉపకార వేతనంతో లండన్ కెన్సింగ్టన్‌లోని విజ్ఞాన కళాశాలలో చేరారు. అక్కడ చేతిపని తక్కువ అనిపించి సాయంత్రాలు మరో సాంకేతిక పాఠశాలకు వెళ్లి నేర్చుకున్నారు. ఇంత చేసినా చివరికి ఏ పట్టా లేకుండానే చదువు ముగిసింది. పేటెంటు కార్యాలయంలో వారానికి 3 పౌండ్ల జీతానికి బొమ్మలు గీసే పనిలో కుదిరారు.

ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లోని ఒక గ్యాస్ ఇంజన్ల కంపెనీలో సహాయ మేనేజరుగా చేరారు. ఉద్యోగి కనిపెట్టిన ప్రతిదీ కంపెనీకే చెందుతుందని ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉంది. ఆ కుర్రవాడు ఆ వాక్యాన్ని కొట్టేసి సంతకం చేశారు. ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే పరికరం ఒకటి తయారు చేస్తే, అమర్చిన ప్రతి ఇంజనుకూ ఆయనకు 10 షిల్లింగులు దక్కాయి. ఇంజను దానంతట అది మొదలయ్యే పరికరం హక్కులను మరో కంపెనీ 3,000 పౌండ్లకు కొనుక్కుంది. చదివి సంతకం పెట్టడం ఎంత విలువైనదో ఆ వయసులోనే ఆయనకు తెలుసు.

రాగి అరిగిపోయింది

ఆ రోజుల్లో కారంటే గుర్రబ్బండికి ఇంజను తగిలించడమే. లాంచెస్టర్ అలా చేయలేదు. చట్రం, ఇంజను, స్ప్రింగులు, చక్రాలు అన్నీ ఒకే యంత్రంగా కొత్తగా ఆలోచించారు. ఆయన మొదటి కారు 1896లో రోడ్డెక్కింది. 1899లో తమ్ముడు జార్జి, మరో సోదరుడు ఫ్రాంక్ తోడుగా బర్మింగ్‌హామ్‌లో కంపెనీ పెట్టారు. ఒక కారు నుంచి తీసిన భాగం మరో కారుకు అచ్చంగా సరిపోవాలని పట్టుబట్టారు. ప్రతి భాగాన్నీ ఆకురాయితో రుద్ది సరిచేసుకునే ఆ కాలంలో అది పెద్ద మాట.

1902లో వచ్చిన డిస్క్ బ్రేకు ఆలోచన తేలికైనది. చక్రంతో పాటు తిరిగే పలుచని లోహపు పళ్ళెం ఉంటుంది. పెడల్ తొక్కితే రెండు పక్కల నుంచి రెండు దిమ్మలు దాన్ని పట్టుకుంటాయి. పళ్ళెం ఆగితే చక్రం ఆగుతుంది. కానీ ఆ దిమ్మలకు తగిన పదార్థం అప్పటికి లేదు. రాగి వాడాల్సి వచ్చింది. అప్పటి రోడ్లు దుమ్ము, గతుకులు. దుమ్ము పడ్డ పళ్ళెం మీద రాగి తొందరగా అరిగిపోయింది. ఆలోచన సరైనదే, వస్తువు సరిపోలేదు. లోపలి నుంచి ఒరుసుకుంటూ, దుమ్ముకు కాస్త మరుగున ఉండే డ్రమ్ బ్రేకులే ఆ తర్వాత యాభై ఏళ్లు రాజ్యమేలాయి.

కంపెనీ కూడా నిలదొక్కుకోలేదు. కార్లకు గిరాకీ ఉన్నా పెట్టుబడి చాలక 1904లో దివాలా అంచుకు చేరి, కొత్త పేరుతో మళ్లీ మొదలైంది.

తిరిగొచ్చిన వ్యాసం

లాంచెస్టర్‌కు పక్షుల మీద, ఎగిరే యంత్రాల మీద ఆసక్తి ఎక్కువ. రెక్క చుట్టూ గాలి ఎలా తిరుగుతుంది, అది రెక్కను ఎలా పైకి లేపుతుంది అని ఏళ్ల తరబడి ఆలోచించారు. 1897లో వ్యాసం రాసి రాయల్ సొసైటీకి పంపితే తిరిగొచ్చింది. రైట్ సోదరుల విమానం ఎగరడానికి ఇంకా ఆరేళ్లుంది. ఆయన ఆ పనిని వదలలేదు. 1907, 1908 సంవత్సరాల్లో రెండు పుస్తకాలు ప్రచురించారు. జర్మనీలో ప్రాంట్ల్ అనే ఆచార్యుడు అదే దారిలో నడిచి గణిత రూపం ఇచ్చాక, ఆ సిద్ధాంతాన్ని ఇద్దరి పేర్లతో పిలవడం మొదలైంది. వ్యాసాన్ని తిప్పి పంపిన రాయల్ సొసైటీయే 1922లో ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. మధ్యలో ఇరవై అయిదేళ్లు గడిచిపోయాయి.

ఆయన యుద్ధంలో సేనల బలాబలాలను సమీకరణాల్లో లెక్కగట్టారు. ఆ లెక్కలు ఇప్పటికీ లాంచెస్టర్ సూత్రాలుగా పేరు మోస్తున్నాయి. 1919లో పెళ్లి చేసుకున్నారు. పిల్లలు లేరు. మారుపేరుతో కవితలు రాశారు. 1925లో సొంత ప్రయోగశాల పెట్టి లౌడ్ స్పీకర్లు తయారు చేశారు. అనారోగ్యం వల్ల 1934లో దాన్ని మూసేయాల్సి వచ్చింది. పార్కిన్సన్స్ వ్యాధి, డబ్బు ఇబ్బంది చివరి ఏళ్లను కుంగదీశాయి. 1946 మార్చి 8న బర్మింగ్‌హామ్‌లోని ఇంట్లో కన్నుమూశారు.

పళ్ళెం మళ్లీ తిరిగింది

ఆయన పోయిన ఏడేళ్లకు, 1953లో, ఫ్రాన్స్‌లోని లె మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. 1955లో సిత్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు వాటిని బిగించుకుని బజారుకు వచ్చింది. ఈలోగా దిమ్మలకు మంచి పదార్థాలు దొరికాయి, నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులు కుదురుకున్నాయి.

అమెరికాలో మాత్రం మజిల్ కార్లని పేరున్న బలమైన ఇంజన్ల కార్లు చాలాకాలం డ్రమ్ములతోనే నడిచాయి. 1964 నాటి పోంటియాక్ జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ముందు డిస్క్‌లు కోరుకుంటే ఇచ్చే ఏర్పాటు 1967లో వచ్చింది. కొండ దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి దిమ్మల నుంచి దూరం జరుగుతుంది. పెడల్ లోతుకు పోతుంది. పళ్ళెం బయటే ఉంటుంది కాబట్టి గాలికి చల్లబడుతుంది, నీళ్లు పడ్డా తొందరగా ఆరిపోతుంది.

అందుకే ఆ పాత కార్లను ప్రేమగా ఉంచుకున్నవాళ్లు ఇప్పుడు వాటికి కొత్త డిస్క్ బ్రేకులు అమరుస్తున్నారు. ముందు చక్రాలతో మొదలుపెడతారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూగుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం వాటిదే. అయితే పళ్ళెం బిగించగానే పని అయిపోదు. డ్రమ్ము తిరుగుతూ తన దిమ్మను తానే లోపలికి లాక్కుంటుంది. పళ్ళేనికి ఆ సాయం ఉండదు కాబట్టి ఎక్కువ ఒత్తిడి కావాలి, చాలామంది బూస్టర్ పెడతారు. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్ గొట్టంలో కొంచెం ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. దాన్నే వాడితే ప్యాడ్లు పళ్ళేన్ని వదలక రాసుకుంటూ కాగిపోతాయి. పైగా ఆ పాత సిలిండర్లలో చాలావాటికి ఒకే గది. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదులది పెట్టుకుంటే ఒక వైపు కారినా రెండో వైపు పనిచేస్తుంది. వెనుక డ్రమ్ములుంటే ఆ చక్రాలు ముందే బిగుసుకుని కారు గిర్రున తిరిగిపోకుండా ఒత్తిడిని పంచే వాల్వు కావాలి. పాత చక్రం లోపల కాలిపర్‌కు చోటుందో లేదో కూడా కొలుచుకోవాలి. ఒక మంచి ఆలోచన నిలవాలంటే చుట్టూ ఇన్ని కుదరాలి. 1902లో లాంచెస్టర్‌కు కుదరనివి ఇలాంటివే.

మన తరగతి గదిలో

ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి వెనుక చక్రం తిప్పండి. ముందు బట్టతో, తర్వాత రబ్బరు ముక్కతో అంచును రెండు పక్కలా పట్టి ఆపమనండి. అంచుకు కాస్త మట్టి పూసి మళ్లీ ఆపమనండి. చువ్వల్లో వేళ్లు పెట్టకుండా దగ్గరుండి చూసుకోండి. పట్టుకునే తీరు ఒకటే అయినా పట్టుకునే వస్తువు మారితే ఫలితం ఎలా మారుతుందో పిల్లలే చెబుతారు, తమ సొంత తెలుగు మాటల్లో.

ఒక్క విషయం మనకు మనం చెప్పుకోవాలి. దిద్దుబాటులో మన పెన్ను ఒక జవాబును కొట్టేసేటప్పుడు, ఆ ఆలోచన తప్పా, లేక దానికి కావలసిన మాటో పరికరమో పిల్లవాడికి ఇంకా అందలేదా అని ఒక్క క్షణం ఆగి చూడాలి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, పరీక్షలో మరో భాషగా చదివే మన పిల్లల విషయంలో ఆ రెండో కారణం తరచుగా ఎదురవుతుంది. లాంచెస్టర్ వ్యాసం ఇరవై అయిదేళ్లు ఆగగలిగింది. ఆరో తరగతి పిల్లవాడు అంతకాలం ఆగలేడు.