అడగడం నేర్పిన మనిషి – తరిమెల నాగిరెడ్డి

అనంతపురం జిల్లాలో తరిమెల నాగిరెడ్డి గారి పేరు వినని పెద్దలు అరుదు. ఆయన కమ్యూనిస్టు. ఆయన నమ్మకం వేరు, మన నమ్మకం వేరు. అయినా మన సంఘ సంచికలో ఆయన జీవితాన్ని గురించి రాసుకోవడానికి ఒక కారణం వున్నది. మనం ఓటు వేసి పంపిన మనిషి, ఆ తర్వాత మన కోసం చేయవలసిన పని ఏమిటి? నీళ్ల గురించీ, బడి గురించీ, ఆస్పత్రి గురించీ, బస్సు గురించీ సభలో మంత్రిని అడగడం, జవాబు రాబట్టడం. ఆ అడగడానికి వుండే బలమూ, దానికి వుండే హద్దూ రెండూ మన జిల్లాకు చెందిన ఈ మనిషి జీవితంలో చూడవచ్చు.

పాలకుణ్ణి అడగడం మనకు కొత్త సంగతి కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా వున్న కాలంలో అందరికీ సమానంగా బట్ట పంచారు. ఆయన ఒంటిమీద అంగీ మాత్రం ఒకరి వాటాకు మించి కనబడింది. నిండు సభలో ఒక సామాన్యుడు లేచి లెక్క అడిగాడు. ఖలీఫా కోపగించలేదు. తన కుమారుడు తన వాటా తండ్రికి ఇచ్చాడని, ఆ కుమారుని నోటితోనే చెప్పించారు. ఈ కథ మన పిల్లలకు చెబుతూనే వుంటాము. అయితే అడిగినవాడికి లెక్క తెలుసు, అందుకే అడగగలిగాడు అన్న సంగతి మాత్రం మరిచిపోతుంటాము.

నాగిరెడ్డి గారు 1917 ఫిబ్రవరి 11న తరిమెల గ్రామంలో కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలోనూ, మద్రాసు లయోలా కాలేజీలోనూ, తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదివారు. కాశీలోనే రాజకీయాలు వంటబట్టాయి. సుఖంగా కూర్చుని తినగలిగిన ఇంటి బిడ్డ కూలీల మధ్య, చిన్న రైతుల మధ్య తిరగసాగారు. 1940లో, యుద్ధం వల్ల ప్రజల ఆర్థిక స్థితి ఎట్లా అవుతుందో ఒక పుస్తకం రాసినందుకు తెల్లవారి ప్రభుత్వం ఆయనను జైల్లో పెట్టింది. అంకెలతో మాట్లాడే అలవాటు ఆయనకు అప్పటి నుంచే వున్నదని చెప్పుకోవచ్చు.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో వుండేది. అనంతపురం శాసనసభ స్థానంలో ఆయనకు ఎదురు నిలిచినవారు నీలం సంజీవరెడ్డి గారు. సంజీవరెడ్డి గారి భార్య నాగిరెడ్డి గారి తోబుట్టువు. బావ ఒక పక్క, బావమరిది ఒక పక్క. గెలిచింది నాగిరెడ్డి గారు. ఓడిన సంజీవరెడ్డి గారు తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు, 1967లో లోక్‌సభ స్పీకరయ్యారు, 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు. అడిగేవాడు ఒకరు, అడిగించే పీఠం మీద కూర్చున్నవారు ఇంకొకరు, ఇద్దరూ ఒకే జిల్లా, ఒకే చుట్టరికం.

అదే 1952లో రాయలసీమను పెద్ద కరువు పట్టుకుంది. గంజి కేంద్రాలు పెట్టారు. ఎండిన బావులు లోతు చేయడానికి సైన్యాన్ని దించారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది. ఇక్కడ ప్రజాప్రతినిధికి మొట్టమొదటి ప్రశ్న నీళ్లే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఇక సభలో అడగడం అంటే ఎట్లా వుంటుందో కొంచెం తెలుసుకుందాము. మన దేశంలో చట్టసభలో ప్రశ్న అడిగే హక్కు 1892 చట్టంతో వచ్చింది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొదటి ప్రశ్న అడిగారు. అది ఏ రాజ్యతంత్రం గురించో కాదు. పెద్ద దొరలు క్యాంపుకు వస్తే వారికి సరుకులు అందించలేక పల్లె అంగళ్లవాళ్లు పడే అవస్థ గురించి. అంటే మొదటి ప్రశ్నే మనలాంటి చిన్న వ్యాపారుల కష్టం మీద పుట్టింది.

ఇప్పటి లోక్‌సభలో సభ్యుడు కనీసం 15 రోజుల ముందు ప్రశ్న రాసి ఇవ్వాలి. నక్షత్రం గుర్తు వున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. రోజుకు అట్లాంటివి 20. గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. ప్రశ్న 150 మాటలకు మించకూడదు. అందులో ఎత్తిపొడుపు వుండకూడదు, వాదన వుండకూడదు. అసలు బలమంతా మంత్రి జవాబు చెప్పిన వెంటనే వేసే అనుబంధ ప్రశ్నలో వుంది. పేషీ రాసిచ్చిన కాగితం అక్కడికి సరిపోదు. విషయం తెలిసిన సభ్యుడైతే రెండో ప్రశ్నలోనే సంగతి బయటపడుతుంది, తెలియనివాడైతే థాంక్స్ చెప్పి కూర్చుంటాడు. మంత్రి పరిశీలిస్తామని మాట ఇస్తే దాన్ని కూడా వదలరు. ఇచ్చిన మాట నెరవేరిందా లేదా అని చూడడానికి లోక్‌సభలో 1953 నుంచి హామీల సంఘం వున్నది.

1957లో నాగిరెడ్డి గారు అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. అడగడానికి ఎంత బలం వుందో లోకానికి తెలిసింది ఆ సభలోనే. అంతకు ముందటి ఏడాదే జీవిత బీమా కంపెనీలన్నిటినీ ప్రభుత్వం తీసుకుని ఒకే కార్పొరేషన్ చేసింది. ఆ కార్పొరేషన్, పాలసీదారుల సొమ్ము సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టి ముంధ్రా అనే వ్యాపారికి చెందిన కంపెనీల షేర్లు కొన్నది. సభ్యులు ప్రశ్నలు వేశారు. మొదట వచ్చిన జవాబులు పొడి పొడిగా వున్నాయి. ఫిరోజ్ గాంధీ గారు పాలక పక్షం మనిషే అయినా వదలకుండా వెంటపడ్డారు, కాగితాలు చేతబట్టుకుని మాట్లాడారు. చివరికి ఛాగ్లా గారితో బహిరంగ విచారణ జరిపించారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి గారు రాజీనామా చేశారు. ప్రశ్న వేసిన కొద్ది నెలలకే అంతటి మంత్రి దిగిపోవలసి వచ్చింది.

నాగిరెడ్డి గారి పద్ధతీ దాదాపు అటువంటిదే. బడ్జెట్టు, ఆడిట్ రిపోర్టు, కమిటీల నివేదికలు, అన్నీ సర్కారు అచ్చువేసిన పుస్తకాలే. వాటిలోని అంకెలు తీసి సర్కారు ముందే పెట్టేవారు. ప్రభుత్వం తన లెక్కను తానే కాదనలేదు కదా.

1962లో ఆయన పుట్లూరు నుంచి మళ్లీ శాసనసభకు వచ్చారు. ఆ రోజుల్లోనే కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ వ్యవహారం కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల మీద 1964లో సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. బస్సు అనేది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, జనానికి రోజూ పనికివచ్చే ఏ సౌకర్యమైనా సరే, దాని గురించి అడిగితే అది పైదాకా పోతుంది.

1967లో అనంతపురం నుంచి ఇంకోసారి గెలిచారు. కానీ రెండేళ్లకే, 1969లో, శాసనసభ్యత్వానికి రాజీనామా ఇచ్చేశారు. ఈ సభల వల్ల పేదవాడికి మేలు జరగదని ఆయన నిర్ణయానికి వచ్చారు. విప్లవ రాజకీయాల్లోకి వెళ్లారు, పట్టుబడ్డారు, హైదరాబాదు కుట్రకేసులో ముద్దాయి అయ్యారు. కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత తాకట్టులో భారతదేశం అనే పెద్ద పుస్తకం అయింది. సభ విడిచినా అంకెల అలవాటు విడవలేదు. అది కూడా నిండా లెక్కలే. ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో వుండి, 1976 జులై 28న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన రాజీనామా మాటను తేలికగా తీసేయలేము. షేర్ల ప్రశ్నకు నెలల్లో జవాబు వచ్చింది. మన నీళ్ల ప్రశ్నకో? హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు మన జిల్లా జీడిపల్లి రిజర్వాయరుకు చేరింది 2012లో. నాగిరెడ్డి గారు సభ వదిలిన 43 ఏళ్ల తర్వాత! పెద్ద నగరంలో సొమ్ము పోతే పత్రికలు అరుస్తాయి. పల్లెలో బోరు ఎండితే బిందె మోసే ఆడబిడ్డకు తప్ప ఎవరికీ పట్టదు. ఆయన విసుగుకు మూలం ఇదే అనుకుంటాము.

అయినా ఆయన ఎంచుకున్న ఆఖరి దారి మనది కాదు. ఆ నీళ్లు ఆలస్యంగానైనా వచ్చాయంటే, సభలో అడిగినవాళ్లూ, బయట రోడ్డు మీద అడిగినవాళ్లూ మానకుండా అడగబట్టే. అడగడం ఒకరోజు పని కాదు. ఒక మనిషి విసిగినా ఇంకొకరు అందుకోవాలి.

ఇందులో మన వంతు కూడా వున్నది. ఒకప్పుడు కదిరి తాలూకాలో వుండిన మన తనకల్లు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. జిల్లా పేరు మారినా ఎండ మారలేదు. ఎమ్మెల్యే గారు వచ్చినప్పుడు దండ వేసి, నీళ్లు లేవు సార్ అంటే ఆయన చూద్దాం అంటారు. అంతటితో సరి. అట్లా కాకుండా ఏ వీధిలో ఏ బోరు ఏ నెల నుంచి ఎండింది, ట్యాంకరు వారానికి ఎన్ని తడవలు వచ్చింది, ఉర్దూ బడిలో ఎన్ని పోస్టులు ఖాళీ, ఆర్జీ ఏ తేదీన ఎవరికి ఇచ్చాము – ఇవన్నీ ఒక రిజిస్టరులో రాసి పెట్టి, ఆ కాగితం ఆయన చేతికి ఇస్తే అది సభలో ప్రశ్న అవుతుంది. దొంగ జవాబు వస్తే అనుబంధ ప్రశ్నకు ఆధారం కూడా అవుతుంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక మామూలు మనిషి కూడా అర్జీ పెట్టి, మామూలుగా 30 రోజుల్లో లెక్క తెప్పించుకోవచ్చు. నాగిరెడ్డి గారి కాలంలో ఈ సౌకర్యం లేదు.

మన సంఘంలో చదువుకున్న అబ్బాయిలూ అమ్మాయిలూ వున్నారు. పెళ్లిళ్లకూ, స్కాలర్‌షిప్పులకూ మనం చేసే సాయంతో పాటు ఈ రిజిస్టరు పని కూడా ఈ ఏడు మొదలుపెడితే బాగుంటుంది. కొళాయి దగ్గర హిందువు బిందె, ముస్లిము బిందె అని వుండదు. మనం అడిగి తెచ్చిన నీళ్లు వూరందరివీ అవుతాయి. అడిగే ధైర్యాన్నీ, అడిగేముందు లెక్క చూసుకునే ఓపికనూ అల్లా మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.