శామ్యూల్ డే: నెల్లూరు బాప్టిస్టు మిషన్ తొలి ప్రచారకుడు

ఆంధ్రదేశమున అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు పునాది వేసిన శామ్యూల్ స్టెర్న్స్ డే 1808వ సంవత్సరమున కెనడాలో జన్మించెను. ఒరిస్సాలో పనిచేయుచుండిన ఆమోస్ సటన్ అమెరికాకు వెళ్లి, తెలుగువారి నడుమ ప్రచారకులు లేమిని ఆచటి బాప్టిస్టులకు విన్నవించెను. అందుపై డే దంపతులు 1835 సెప్టెంబరులో బోస్టన్ రేవు విడిచి, మరుసటి ఫిబ్రవరిలో కలకత్తా చేరిరి.

లండన్ మిషనరీ సంఘము 1805 నుండి పనిచేయుచుండిన విశాఖపట్టణమున డే తెలుగు నేర్వనారంభించెను. నాటికి విదేశీయులకు సాధనములు కొలదిగా నుండెను. కాంప్‌బెల్ వ్యాకరణము 1816లోను, నిఘంటువు 1821లోను వెలువడినవి. బ్రౌను తెలుగు నిఘంటువు అచ్చగుటకు ఇంకను పదునారేండ్లు పట్టెను. పిదప శ్రీకాకుళమునను మద్రాసునను కొంతకాలముండి, డే 1840లో నెల్లూరు చేరెను. 1844లో అచ్చట ఎనమండుగురు సభ్యులతో సంఘ మేర్పడెను.

అంతలో దేహము సహకరింపదయ్యెను. సహచరుడైన వాన్ హుసెన్ రుగ్ణుడై మరలిపోయిన కొద్దికాలమునకే డే కూడ స్వదేశమునకు పోవలసివచ్చెను. బర్మాలో పని విరివిగా ఫలించుచుండగా నెల్లూరున ఫలితము స్వల్పముగా నుండుటచే, దానిని విడిచిపెట్టవలెనా యను ప్రశ్న 1848లో ట్రాయ్ నగర సభ ముందుకు వచ్చెను. డే తెలుగు మిషన్ పక్షమున వాదించి, తానే తిరిగి పోవుటకు సిద్ధపడెను. సంఘము సమ్మతించి, లైమన్ జ్యూయెట్ దంపతులను తోడిచ్చి పంపెను. వారు 1849లో నెల్లూరు చేరిరి.

1853లో అనారోగ్యము డేను శాశ్వతముగ సేవనుండి తప్పించెను. ఆ యేడే ఆల్బనీ సభలో పాతప్రశ్న మరల తలయెత్తెను. పటమున ఒంటరిగా నిలిచిన నెల్లూరును ఒంటి నక్షత్రముగా భావించి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ పద్యము రచించెను; మిషన్‌ను నిలుపుటకే సభ నిశ్చయించెను. 1862లో అదే చర్చ వచ్చినపుడు, తానును ఆరోగ్యార్థమై స్వదేశమున నుండిన జ్యూయెట్ తెలుగుదేశమునకు మరలిపోవ పట్టుపట్టెను. 1865లో ఆయనతో వచ్చిన జాన్ క్లౌ ఒంగోలున స్థిరపడెను.

డే 1871లో మరణించెను. 1878లో ఒంగోలు ప్రాంతమున వేలాదిమంది బాప్తిస్మము పొందుట ఆయన చూడలేదు. ఆయన దేహము పనికి చాలకపోయినను, ఆయన మొదలిడిన పనిని సంఘము మూడుమార్లు విడువనెంచి మూడుమార్లును విడువకుండెను. డే జీవితచరిత్రమున ముఖ్యాంశ మిదియే.